ఏది ముందు, ఏది తర్వాత

రెండు ఇంకులు తీసుకోండి. రెండూ నూనెలో కలిపినవే, రంగులే వేరు. ఒకదాంట్లో అవిసె నూనె ఎక్కువ పోసి పలచగా జారేలా చేయండి. రెండోదాన్ని చిక్కగా, జిగురుగా ఉంచండి. పలచటిదాన్ని ముందు లోహపు రేకు మీద రోలర్‌తో పూసి, తర్వాత చిక్కటిదాన్ని దాని మీదుగా దొర్లించండి. రెండోది అంటుకోదు. నూనె ఎక్కువున్న పొర దాన్ని దగ్గరికి రానివ్వదు. వరస మార్చి చిక్కటిది ముందు పూస్తే, పలచటిది వచ్చి దాని మీద హాయిగా కూచుంటుంది. ఇంకులకున్న ఈ స్వభావాన్ని పట్టుకుని ఒకే రేకు నుంచి, ప్రెస్సులో ఒక్కసారి ఒత్తి, ఎన్నో రంగుల బొమ్మ తీయవచ్చని లోకానికి చూపినవాళ్లలో ముఖ్యుడు మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి.

ఆయన గురించి ఈ వారం రాయడానికి కారణం ఉంది. ఈమధ్య ఏ ప్రదర్శనకు వెళ్లినా కాఫీ డికాషన్‌తో వేసిన బొమ్మ, మేకులూ దారంతో అల్లిన బొమ్మ, కళ్లకు గంతలు కట్టుకుని వేసిన బొమ్మ కనబడుతున్నాయి. ఫోన్‌లో చూసే వీడియోల సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త సామాను చేతబడితే కొత్త శైలి వచ్చేసినట్టే అన్న అభిప్రాయం కుర్ర చిత్రకారుల్లో బలపడుతోంది. నేను దీనికి ఒప్పుకోను. సామాను అంగట్లో దొరుకుతుంది. దాన్ని ఏ వరసలో, ఎందుకు వాడాలో తేల్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. చిత్రకారుడి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలిసేది కూడా ఆ వరసలోనే.

కృష్ణారెడ్డి 1925లో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో చదువుకున్నారు. అక్కణ్ణించి శాంతినికేతన్‌కు వెళ్లి నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. కొన్నాళ్లు మద్రాసు కళాక్షేత్రలో పాఠాలు చెప్పి, లండన్‌లోని స్లేడ్ స్కూల్లో చదివి, పారిస్ చేరారు. అక్కడ జాద్కిన్ అనే శిల్పి దగ్గర శిల్పం నేర్చుకున్నారు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆయన తర్వాత చేసిన పనంతా శిల్పి చేతుల్లోంచి వచ్చిందే. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1927లో మొదలుపెట్టిన ప్రింట్ వర్క్‌షాప్ ఒకటుండేది, పేరు ఆత్లియే 17. మీరో, జకొమెట్టి లాంటి పేరున్న కళాకారులు పనిచేసిన చోటు. 1950లలో కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్, ఇంకా అక్కడి సహచరులు కలిసి ఇంకుల చిక్కదనం మీద ప్రయోగాలు చేశారు. ఒక్కరి పేరున రాసుకునే పని కాదది. అయితే దాన్ని చివరికంటా తీసుకెళ్లి, శాస్త్రంలాగా కుదురుపరచినవాడు కృష్ణారెడ్డే.

అంతకుముందు రంగుల ప్రింట్ తీయాలంటే మామూలుగా రంగుకో రేకు కావాలి. ఎరుపుకొకటి, నీలానికొకటి, పసుపుకొకటి. ఒకే కాగితాన్ని ఒక్కో రేకు మీదా ఒత్తాలి. నూలుపోగంత జరిగినా బొమ్మ చెడుతుంది. ఈ కొత్త పద్ధతిలో రేకు ఒక్కటే. అందులోనే ఎత్తుపల్లాలుంటాయి.

నాకు తెలిసిన ఒక ప్రింట్ స్టూడియోలో ఒక అమ్మాయి ఈ పని చేస్తుంటే గంటల తరబడి నిలబడి చూశాను. జింకు రేకు మీద కొన్నిచోట్ల ఆసిడ్ లోతుగా తిన్నది, కొన్నిచోట్ల పైపైన తిన్నది, కొన్నిచోట్ల అసలు ముట్టలేదు. ఆసిడ్ తినని చోట్ల ఆ అమ్మాయి ఉలి లాంటి పనిముట్టుతో తనే చెక్కింది. మొదట అన్నిటికంటే లోతైన గీతల్లోకి ఇంకు దట్టించి, గంజిపెట్టిన పలచటి గుడ్డతో పైభాగం తుడిచింది. చివర్లో అరచేతితో తుడిచింది. ఆ తర్వాత గట్టి రబ్బరు రోలర్ మీద నూనె ఎక్కువున్న నీలం ఇంకు తీసుకుని రేకు మీద దొర్లించింది. గట్టి రోలర్ వంగదు కాబట్టి ఎత్తైన చోట్లనే తాకింది. తర్వాత మెత్తటి రోలర్ మీద చిక్కటి పసుపు. అది వంగి, పల్లాల్లోకి దిగింది. దారిలో నీలం తగిలిన ప్రతిచోటా వెనక్కి తగ్గింది. రెండు రంగులూ పక్కపక్కనే, వెంట్రుకవాసి దూరంలో, కలవకుండా నిలబడ్డాయి.

రోలర్ చుట్టుకొలత రేకు పొడవుకు సరిపోవాలి. ఒక్క చుట్టులో పని అయిపోవాలి. రెండోసారి తిప్పితే అతుకు గీత పడుతుంది. ఇంకు కుదిరిందో లేదో చూడ్డానికి ఆ అమ్మాయి కత్తి మొనతో కాస్త ఎత్తి, చుక్క ఎలా జారుతుందో చూసింది. రోలర్ కింద ఇంకు చేసే చప్పుడు కూడా విన్నది. చిటచిటమంటే చిక్కన, చప్పుడు తగ్గితే పలచన. ఎండాకాలం వస్తే గదిలో వేడికి ఇంకు తనంతట తనే పలచబడుతుందనీ, పొద్దున కుదిరిన పాళ్లు మధ్యాహ్నానికి పనికిరావనీ చెప్పింది. చివరికి తడిపి ఒత్తిన కాగితం రేకు మీద పరిచి, కంబళి గుడ్డలు కప్పి, ప్రెస్సు చక్రం తిప్పింది. అన్ని రంగులూ ఒకేసారి కాగితంలోకి దిగాయి.

కృష్ణారెడ్డికి రేకంటే నేల. కొండలు, లోయలు, వాగులు ఉన్న నేల. జింకు రేకును ఆయన రకరకాల పనిముట్లతో చెక్కి, గీకి, నునుపు చేసి, పలచటి శిల్పంగా మార్చేవారు. గట్టి రోలర్, మెత్తటి రోలర్ అన్న ఆలోచన అలాంటి మనిషికే తట్టాలి. కొండ కొసను తాకే చేయి వేరు, లోయలోకి దిగే చేయి వేరు అని శిల్పికి చెప్పక్కర్లేదు. 1963లో ఆయన చేసిన ‘వర్ల్‌పూల్’ అనే ప్రింట్ చూడండి. సుడి తిరిగే నీటిలో ఒక్కో గడీ ఒక్కో రంగులో మెరుస్తుంది. దూరం నుంచి చూస్తే నీళ్లు తిరుగుతాయి. దగ్గరికెళితే ఒక్కో గీతకూ లోతు కనబడుతుంది, రంగు ఆ లోతును బట్టి మారుతుంది. సుడిగుండం బొమ్మ గీసి రంగులు నింపినట్టుండదు. నీళ్లు ఎలా కదులుతాయో రేకు మీద ఇంకు కూడా అలాగే కదిలింది. నా మటుకు నాకు ఇరవయ్యో శతాబ్దపు భారతీయ చిత్రకళలో పద్ధతీ విషయమూ ఇంతగా ఒకటైపోయిన పని మరొకటి కనబడలేదు.

చిన్న కూతురితో కలిసి చూసిన సర్కస్ నుంచి వచ్చిన ‘గ్రేట్ క్లౌన్’ ప్రింట్ దీనికి పూర్తిగా వేరు. అందులో రేకు అదే ఉంచి, ఇంకుల వరస మార్చి, పాళ్లు మార్చి, ఎన్నో రకాల ప్రింట్లు తీశారు. ఒకదాంట్లో విదూషకుడు వెలుగులో ఆడుతుంటాడు, మరోదాంట్లో చీకట్లో ఒంటరిగా మిగిలిపోతాడు. గీతలన్నీ అవే. ముందు పోసిన నూనె, తర్వాత పోసిన నూనె మారాయి, అంతే.

ఇదే వరసను పూర్తిగా తలకిందులు చేసే పని ఒకటి మన దగ్గరే ఉంది. గాజు పలక వెనక బొమ్మ వేయడం. తంజావూరు వైపు దేవుడి పటాలు ఇలా వేసేవారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్, బరోడాలో ఆయన గురువు కె.జి. సుబ్రమణ్యన్ ఇద్దరూ దీన్ని తమ కాలపు చిత్రకళలోకి తెచ్చుకున్నారు. కాన్వాస్ మీదయితే చివర వేసే చుక్క, కంటిలో మెరుపు గానీ ముక్కుపుడక గానీ, గాజు మీద మొట్టమొదట పడాలి. దాని వెనక కనుపాప, దాని వెనక మొహం, దాని వెనక చెట్టు, ఆఖరున ఆకాశం. ఒకసారి మొహం రంగు పూశాక ముక్కుపుడక గుర్తొస్తే చేయగలిగిందేమీ లేదు. అంటే మొదటి చుక్క పెట్టే ముందే బొమ్మంతా మనసులో పూర్తయి ఉండాలి. లక్ష్మా గౌడ్ పల్లె ఆడవాళ్లూ మేకలూ చెట్లూ ఎచింగ్‌లో, అంటే ఆసిడ్‌తో తినిపించిన రేకు ప్రింట్లలో, నలుపు తెలుపుల్లో సూదిమొనతో ఒక్కో వెంట్రుకా గీసినట్టుంటారు. గాజు దగ్గరికొచ్చేసరికి అదే మనుషులు బొద్దుగా, రంగుల్లో వెలిగిపోతారు. ఎచింగ్‌లో అంత ఓపిక పట్టిన చేయి కాబట్టే గాజు మీద తలకిందుల లెక్క తప్పలేదని నా నమ్మకం.

అదే బరోడాలో అదే గురువు దగ్గర చదివిన తోట వైకుంఠం సంగతి వేరు. ఆయన సామాను మార్చలేదు. ఎర్రటి బొట్టు, ముదురు రంగు చీర, నల్లటి గీత, వెనక ఏమీ లేని ఖాళీ. ఊళ్లోకి వచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లను చూసి చిన్నప్పుడు మురిసిపోయిన కుర్రాడు పెద్దయి తెలంగాణ స్త్రీని అంత నిండుగా వేశాడు. ఆయన కనిపెట్టిన కొత్తదనం మిగతా రంగులు వదిలేయడంలో ఉంది.

ఇక మొదటి పొరను కావాలనే పాతిపెట్టే చిత్రకారుడు ఒకాయన ఉన్నారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1932లో పుట్టిన గెర్హార్డ్ రిక్టర్. రంగులు పొరలు పొరలుగా పూసి, అవి ఆరకముందే పొడవాటి పలకతో ఈ చివరి నుంచి ఆ చివరికి లాగేసేవారు. కొంత రంగు పరుచుకుంటుంది, కొంత లేచొస్తుంది, అడుగు పొరలు అక్కడక్కడా తొంగిచూస్తాయి. చాలాకాలం ఈ పద్ధతి నాకు అందంగానే కనబడింది కానీ అంతకుమించి ఏమీ అనిపించలేదు. 2014లో ఆయన వేసిన నాలుగు ‘బిర్కెనావ్’ చిత్రాల గురించి తెలిశాక నా అభిప్రాయం మారింది. 1944 ఆగస్టులో ఆష్‌విట్జ్-బిర్కెనావ్ మారణ శిబిరంలో, శవాలు కాల్చే పనికి నాజీలు బలవంతాన పెట్టిన ఖైదీలు ప్రాణాలకు తెగించి నాలుగు ఫొటోలు దొంగచాటుగా తీసి బయటికి పంపారు. రిక్టర్ ఆ నాలుగింటినీ నాలుగు పెద్ద కాన్వాసుల మీద ముందు బొమ్మలుగా వేశారు. తర్వాత వాటి మీద రంగు పూసి లాగారు, మళ్లీ పూసి మళ్లీ లాగారు, ఫొటో ఆనవాలు లేకుండా పోయేదాకా. ఇప్పుడు చూసేవాళ్లకు కనబడేది నలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ చారలే. అడుగున ఏముందో తెలిసినవాడు మాత్రం ఆ చారల ముందు మామూలుగా నిలబడలేడు. ఆ ఫొటోలను చూసి మళ్లీ బొమ్మగా వేసి చూపిస్తే అది ఆ మనుషుల పట్ల మర్యాద కాదు. అసలు వేయకపోతే మరిచిపోయినట్టు. వేసి, కప్పి, కప్పిన సంగతి దాచకుండా ఉంచడం ఆయనకు దొరికిన దారి. ఇక్కడ పలకతో లాగడం అలంకారం కాదు, తప్పనిసరి.

కొత్త పద్ధతి విలువ తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: ఈ మాటను చిత్రకారుడు ఇంకో విధంగా చెప్పగలిగేవాడా? చెప్పగలిగితే అది గారడీ. కాఫీ డికాషన్‌తో వేసిన గాంధీగారి బొమ్మ వాటర్ కలర్‌తో వేసినా అలాగే ఉంటుంది. ‘వర్ల్‌పూల్’ని మాత్రం కుంచెతో వేయలేరు.

కృష్ణారెడ్డిలో నేను అన్నిటికంటే గౌరవించేది ఇంకొకటుంది. ఆయన ఈ విద్యను దాచుకోలేదు. ఆత్లియే 17లో హేటర్‌తో పాటు బాధ్యత పంచుకుని, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, దేశదేశాల్లో వర్క్‌షాపులు పెట్టి ఎందరికో నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1988లో ఈ పద్ధతినంతా వివరిస్తూ ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, ప్రింట్ కళాకారిణి జరీనా హష్మీ ముగ్గురి పనినీ కలిపి ప్రదర్శన పెట్టింది. 2018 ఆగస్టులో, 93 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ప్రింట్లను ఫోన్‌లో చూసి సరిపెట్టుకోకండి. ఇంకు మందం, కాగితం మీద రేకు అంచు వదిలిన నొక్కు, లోతును బట్టి మారే రంగు, ఇవేవీ తెర మీద కనబడవు. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకో, మీ ఊళ్లో ప్రదర్శన పెట్టిన హాలుకో వెళ్లినప్పుడు బొమ్మకు ఎదురుగానే కాదు, పక్కకు కూడా నిలబడి వెలుతురు వాలుగా పడేలా చూడండి. చిత్రకారులు అక్కడుంటే మొహమాటపడకుండా ఏది ముందు వేశారో, ఏది తర్వాత వేశారో అడగండి. పని చేసినవాళ్లకు అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు. లలితకళల కాలేజీలు నడిపేవాళ్లకు ఒక విన్నపం: ప్రెస్సు గది తలుపులు ఏడాదికొక రోజైనా బడిపిల్లలకు తెరవండి. కృష్ణారెడ్డి 1988 నాటి పుస్తకం మన విద్యార్థుల చేతుల్లో తెలుగులో ఉండాలి. ప్రచురణకర్తలు, అకాడమీలు, చిత్తూరు జిల్లా పెద్దలు ఎవరైనా సరే, ఆ పనికి పూనుకోండి.