ఇంకా ఎంతసేపు? నిరీక్షణ బోర్డులు చెప్పేదెంత, దాచేదెంత

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పడవల టికెట్ కౌంటరు ముందు నిలబడి ఉన్నాను. (2024 సెప్టెంబరులో ఈ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు. పాత పేరు అలవాటు పోక ఇక్కడ అదే వాడుతున్నాను.) కౌంటరు పక్కన నల్లబల్ల మీద సుద్దతో "20 నిమిషాలు" అని రాసి ఉంది. ఇరవై నిమిషాలు గడిచాయి. నలభై గడిచాయి. గంట దాటింది. బల్ల మీద మాత్రం ఇంకా ఇరవై నిమిషాలే! తాళ్లు చుడుతున్న కుర్రవాడి మాటలో శ్రీకాకుళం యాస వినిపించి, తెలుగులోనే అడిగాను. "అది పొద్దున్న రాసిందండి. సాయంత్రం తుడిపేస్తాం" అన్నాడు, ఎంతో మర్యాదగా.

నవ్వొచ్చింది కానీ, ఆ తర్వాత ఆలోచనలో పడ్డాను. కొన్ని కోట్లు పోసి కంప్యూటర్లు పెట్టిన విదేశీ థీమ్ పార్కుల్లో రైడ్ల ముందు వెలిగే అంకెకూ, ఈ సుద్దముక్క రాతకూ తేడా ఎంత? రెండూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతామంటున్నాయి: "ఇంకా ఎంతసేపు?" ఆ జవాబు ఎలా తయారవుతుంది, ఎప్పుడు నమ్మవచ్చు, ఎప్పుడు నమ్మకూడదు అన్నది మీరు కాగితం, పెన్సిలు తీసుకుని తేల్చుకోగల విషయమే.

బోర్డు వెనుక లెక్క

వరసల గురించి శాస్త్రీయంగా ఆలోచించిన తొలి వ్యక్తుల్లో డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ ముఖ్యుడు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, కాల్స్ ఏ తీరున వస్తాయో వివరిస్తూ 1909లో ఆయన ఒక పత్రం ప్రచురించాడు. క్యూ సిద్ధాంతానికి అదే పునాది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఒక చిన్న సూత్రాన్ని గణితపరంగా నిరూపించాడు. వరసలో సగటున ఉండే మనుషుల సంఖ్య, నిమిషానికి వచ్చేవారి సంఖ్యను సగటు నిరీక్షణ సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఎంతమంది వస్తున్నారో అంతమందీ లోపలికి పోతూ, వరస నిలకడగా ఉంటే చాలు, ఈ సూత్రం బ్యాంకులోనూ, ఆస్పత్రిలోనూ, జెట్టీలోనూ ఒకేలా పనిచేస్తుంది.

ఉదాహరణకు ఒక రైడ్‌లో 24 సీట్ల బండి రెండు నిమిషాలకొకటి బయలుదేరుతుందనుకోండి. అంటే నిమిషానికి 12 మంది లోపలికి పోతారు. మీ ముందు 240 మంది ఉంటే మీరు ఆగవలసింది 240ని 12తో భాగించినంత, అంటే 20 నిమిషాలు. ఇంత సులువైన లెక్కలో తప్పు ఎక్కడ జరుగుతుంది? భాగహారంలో కాదు, ఆ 12 అనే అంకెలో. నడిచే రెండు బండ్లలో ఒకటి మరమ్మతుకు వెళ్లిందంటే 12 కాస్తా 6 అవుతుంది, మీ 20 నిమిషాలు 40 అవుతాయి. వరస పొడవు అంగుళం కూడా మారదు.

మరో రకం మార్పు ఇంకా కంటికి కనబడదు. 1999లో డిస్నీ సంస్థ ఫాస్ట్‌పాస్ అనే పద్ధతి తెచ్చింది. ముందుగా చీటీ తీసుకుని, చెప్పిన వేళకు వస్తే పక్క వరసలో త్వరగా లోపలికి పంపుతారు. మొదట్లో ఉచితం. 2021 నుంచి దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతులు వచ్చాయి. మన హైదరాబాద్‌లో 2016లో తెరిచిన వండర్‌లాలో కూడా ఎక్కువ రుసుము కడితే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఇస్తారు. ఇప్పుడు పై లెక్కనే మళ్లీ చేయండి. ప్రతి 12 సీట్లలో 8 పక్క వరసకు పోతే, మామూలు వరసకు మిగిలేవి 4. అదే 240 మంది, అదే రైడ్, అదే పొడవున్న వరస. కానీ నిరీక్షణ 60 నిమిషాలు! వరసను కంటితో చూసి అంచనా వేసేవాడు ఇక్కడ మూడింతలు పొరబడతాడు. ఇలాంటిచోట బోర్డు ఉండటం మర్యాద కోసం కాదు, అవసరం కోసం.

పాతబడిన వార్త

డిస్నీ పార్కులు నిరీక్షణను కొలవడానికి చాలాకాలంగా వాడిన ఉపాయం ఒకటుంది. వరసలో చేరే ఒక సందర్శకుడి చేతికి ఎర్రటి కార్డు ఇస్తారు. ఇచ్చిన వేళ కార్డుతో నమోదవుతుంది. అతడు చివరికి చేరి కార్డు అప్పగించగానే ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. కొలత కచ్చితమే. కానీ ఆ కొలత ఎవరిది? ఇప్పుడే లోపలికి పోయినవాడిది. ఇప్పుడు వరసలో చేరబోయే మీది కాదు.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 12 మంది లోపలికి పోతుంటే, 18 మంది కొత్తగా వస్తున్నారనుకోండి. వరస నిమిషానికి ఆరుగురి చొప్పున పెరుగుతుంది. కార్డు పట్టుకున్నవాడు చేరినప్పుడు ముందు 240 మంది ఉన్నారు, కాబట్టి అతడికి 20 నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో వరస మరో 120 మంది పెరిగి 360 అయింది. బోర్డు మీద "20" వెలుగుతున్న క్షణంలో చేరిన మీకు పట్టేది 30 నిమిషాలు. సాయంత్రం జనం పలచబడేటప్పుడు ఇదే తప్పు తిరగబడుతుంది: బోర్డు ఎక్కువ చెబుతుంది, మీకు తక్కువ పడుతుంది. ఆకాశంలో నక్షత్రాన్ని చూస్తే ఎప్పుడో బయలుదేరిన వెలుగు కనబడుతుందని మీరు చదివారు. ఈ బోర్డు కూడా అలాంటిదే. పొద్దున్న రాసిన నల్లబల్లకూ దీనికీ తేడా వార్త ఎంత పాతదన్న దాంట్లోనే ఉంది.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. బోర్డు చదివేవాడు ఊరుకోడు. ఒకచోట "10" అని, పక్కన "50" అని కనిపిస్తే జనం పది దగ్గరికి పరుగెడతారు. కాసేపటికి పది కాస్తా యాభై అవుతుంది. రేపు వాన పడుతుందని వాతావరణ శాఖ చెబితే ఆ మాట వల్ల మబ్బు దారి మార్చుకోదు. నిరీక్షణ బోర్డు విషయంలో మాత్రం చెప్పిన మాటే జరగబోయేదాన్ని మార్చేస్తుంది.

కావాలని పెంచిన నిమిషాలు

వరసల్లో నిలబడేవారి మనస్తత్వం మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ప్రసిద్ధమైంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికన్నా పొడవుగా తోస్తుంది. కారణం చెప్పని నిరీక్షణ, అన్యాయంగా తోచే నిరీక్షణ కూడా అంతే. పార్కుల యాజమాన్యాలు ఈ పాఠాన్ని బాగా ఒంటపట్టించుకున్నాయి. ముప్పై నిమిషాలు పట్టేచోట నలభై అని రాస్తే, పది నిమిషాలు ముందే లోపలికి పోయినవాడు సంతోషంగా పోతాడు. డిస్నీలో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల కొంప ముందు రాత్రివేళ "13 నిమిషాలు" అని పెట్టడం ఒక ఆనవాయితీ. జనం లేరని దాని అర్థం. అది వేళాకోళమని అందరికీ తెలుసు కనుక పేచీ లేదు. నలభై మాటేమిటి? అది వేళాకోళం కాదు.

పొడిగించిన అంకె వల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. మధ్యాహ్నం బస్సు అందుకోవలసినవాడు "40" చూసి వెనక్కి తిరుగుతాడు. నిజానికి అతడికి వ్యవధి ఉంది. సంతోషపడినవాడు మనకు కనబడతాడు, వెనుదిరిగినవాడు కనబడడు. అంకెను కొలతగా చూపించి, దాన్ని జనాన్ని మళ్లించే కర్రగా వాడటం నిజాయితీ కాదని నా అభిప్రాయం. "25 నుంచి 40 నిమిషాలు" అని రాస్తే నిజమూ చెప్పినట్టవుతుంది, జాగ్రత్తా చెప్పినట్టవుతుంది. ప్రయోగశాలలో మీరు ప్రతి కొలతకూ దోషపరిమితి రాస్తారు కదా, ఇక్కడ మాత్రం ఎందుకు రాయకూడదు?

గడియారం నడిపే వరస

మళ్లీ అండమాన్‌కు వద్దాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్లేవారు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగాలి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా రోడ్డు జరావా రిజర్వు గుండా పోతుంది. రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లో మాత్రమే వాహనాలను కాన్వాయ్‌గా కలిపి పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ముందు బండిని దాటకూడదు. తొలి కాన్వాయ్ అందుకోవడానికి ఊళ్లో జనం తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయలుదేరతారు. తిరిగి వచ్చేటప్పుడు చివరి కాన్వాయ్ తప్పితే ఆ రాత్రి ఆవలే. మర్నాటి విమానం సంగతి ఇక చెప్పనక్కరలేదు.

ఇక్కడ వరస పొడవుకూ నిరీక్షణకూ సంబంధం లేదు. మీ ముందు పది బండ్లున్నా వంద ఉన్నా గేటు తెరిచేది ఆ వేళకే. కాబట్టి "ఎన్ని నిమిషాలు" అన్న బోర్డు అనవసరం. వేళల పట్టిక చాలు. కానీ పట్టిక చదవడంలోనూ ఒక మెలిక ఉంది. రెండు కాన్వాయ్‌ల మధ్య ఒకసారి 2 గంటలు, ఒకసారి 4 గంటలు విరామం ఉందనుకోండి. సగటు విరామం 3 గంటలు గనుక, వేళలు తెలియకుండా వచ్చినవాడు సగటున గంటన్నర ఆగుతాడని తోస్తుంది. తప్పు! అతడు పొడుగు విరామంలో వచ్చి పడే అవకాశం రెండింతలు. మూడింట ఒక వంతు సార్లు సగటున 1 గంట, మూడింట రెండు వంతుల సార్లు 2 గంటలు ఆగుతాడు. మొత్తం సగటు గంటా 40 నిమిషాలు. ఊళ్లో బస్సు ఎప్పుడూ ఆలస్యమే అని మీకు అనిపించడానికి కొంత కారణం ఇదే.

గుంపుగా పంపితే గుంపుగానే చేరతారు. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ ఎక్కి అవతలికి దాటాలి. కాన్వాయ్‌లో 600 మంది వచ్చి, ఫెర్రీ ఒక్కసారికి 150 మందిని తీసుకుని, పోయి రావడానికి 20 నిమిషాలు పడితే, మొదటివారు వెంటనే ఎక్కుతారు, చివరివారు గంటసేపు ఆగుతారు. గేటు దగ్గర తప్పిన వరస నీటి ఒడ్డున మళ్లీ మొలుస్తుంది. ఒక చోటి పట్టిక రెండో చోటి సంగతి చెప్పదు. ప్రయాణికుడికి కావలసింది మాత్రం మొత్తం ప్రయాణం లెక్క.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటి. థీమ్ పార్కులో నిరీక్షణ యంత్రం చాలక వస్తుంది. జిర్కాటాంగ్‌లో నిరీక్షణను తెలిసి పెట్టారు. కొన్ని వందలమంది మాత్రమే ఉన్న జరావాల జీవితంలోకి బయటి జనం ఇష్టం వచ్చినట్టు చొరబడకుండా ఉండటానికే ఆ గేటు. 2002లో సుప్రీంకోర్టు రిజర్వు గుండా పోయే ఆ రోడ్డును మూసేయాలనే ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012లో సందర్శకుల కోసం జరావా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో బయటపడి దేశమంతా తలదించుకుంది. 2013 మొదట్లో కొద్ది వారాలు పర్యాటకులను కోర్టు ఆపింది కూడా. వేళల పట్టిక ఒక్కటే చదివినవాడికి ఇదంతా తట్టదు, "ఈ ఆలస్యం ఎందుకు?" అని విసుక్కుంటాడు. కారణం తెలిసిన నిరీక్షణ పొట్టిగా తోస్తుందన్న మైస్టర్ మాట ఇక్కడ వినోదానికి కాక సంస్కారానికి పనికివస్తుంది. వేళల పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో, ఎవరి కోసం ఆగుతున్నామో రాయాలి.

తిరుమల బోర్డు

తెలుగువారికి బాగా తెలిసిన నిరీక్షణ ప్రకటన తిరుమలది. సర్వదర్శనానికి ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, ఎన్ని గంటలు పడుతుందో రోజూ పత్రికల్లో వస్తుంది. దీనిలో నాకు నచ్చిన గుణం, కొలతనూ అంచనానూ విడివిడిగా చెప్పడం. కంపార్ట్‌మెంట్ల సంఖ్య లెక్కపెట్టినది, గంటలు ఊహించినది. రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాడు తానే సరిచూసుకోవచ్చు. నిన్న అన్నే కంపార్ట్‌మెంట్లకు పది గంటలు, నేడు పద్నాలుగు అంటే లోపలికి పంపే వేగం తగ్గిందని తెలిసిపోతుంది.

వేళ నిర్ణయించిన టోకెన్లు ఇచ్చి కొండ మీద నిలబడే గంటలను తగ్గించడం మంచి పద్ధతే. కానీ టోకెన్ కోసం మరో వరస ఉంటుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఎంతసేపు ఆగాలి, నావంతు వస్తుందా, గేటు ఎప్పుడు తెరుస్తారు అన్న ప్రశ్నలు కేవలం విసుగుకు సంబంధించినవి కావని ఇంతకన్నా వేరే చెప్పాలా?

మంచి బోర్డు ఎలా ఉండాలి?

నాలుగు మాటలు చాలు. అంకెతో పాటు అది రాసిన వేళ ఉండాలి. ఒకే అంకె కాక కనిష్ఠం, గరిష్ఠం ఉండాలి. సీట్లలో ఎంత భాగం మామూలు వరసకు దక్కుతోందో చెప్పాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవ ఎప్పుడు కదులుతుందో తెలియనప్పుడు, పాత అంకె తుడిచి "తెలియదు" అని రాసే ధైర్యం ఉండాలి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. మీ హాస్టల్ మెస్ దగ్గర కానీ, రేషన్ దుకాణం దగ్గర కానీ పది నిమిషాలు ఎంతమంది లోపలికి పోతున్నారో లెక్కపెట్టండి. వరసలో ఉన్నవారిని లెక్కించి, భాగించి, అంచనా ఒక చీటీ మీద రాసుకోండి. తర్వాత వరస చివర చేరి గడియారం చూడండి. చీటీకీ గడియారానికీ తేడా వస్తే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. కౌంటరు దగ్గర మనిషి టీకి వెళ్లాడా? ఎవరైనా మధ్యలో దూరారా? ఆ వెతుకులాటలో క్యూ సిద్ధాంతం సగం మీకు వచ్చేస్తుంది. చీటీ మీద వేళ వేయడం మాత్రం మరిచిపోవద్దు.