కూర్చుంటేనే పూర్తయ్యే కుర్చీ

120 పల్చటి కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తే, ఆ కట్ట మందం ఒక సెంటీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని ఒక గీత వెంబడి కోసి, రెండు వైపులా పట్టుకుని లాగితే, వీపుకీ చేతులకీ ఆనుడున్న నిండైన కుర్చీ ఒకటి విచ్చుకుంటుంది. లోపల చెక్క చట్రం లేదు, ఇనుప కడ్డీ లేదు, ఒక్క మేకు కూడా లేదు. జపాన్ డిజైనర్ తొకుజిన్ యోషియోకా 2001లో చేసిన ఈ కుర్చీ పేరు హనీ-పాప్. మనిషి అందులో కూర్చోవచ్చు.

వాడినది గ్లాసీన్ కాగితం. స్టాంపుల ఆల్బమ్‌లలో పుటల మధ్యన వేసే నున్నటి, సగం పారదర్శకమైన కాగితం అది. ఒక్క కాగితాన్ని నిలబెట్టి పైన వేలితో నొక్కితే మరుక్షణం వంగిపోతుంది. దాన్ని వంగనివ్వకుండా చేసేది జిగురు వేసిన తీరు. జిగురును కాగితమంతా పులమరు, సన్నటి చారలుగా, చారకీ చారకీ మధ్య సమానమైన ఎడం ఉంచి వేస్తారు. మొదటి కాగితానికీ రెండో కాగితానికీ మధ్య చారలు ఎక్కడ పడ్డాయో, రెండో కాగితానికీ మూడోదానికీ మధ్య సరిగ్గా అక్కడ పడకూడదు, పాత చారల నడుమ పడాలి. అలా తప్పించి తప్పించి అతికించిన కట్టను లాగినప్పుడు అంటుకున్నచోట కాగితాలు కలిసే ఉంటాయి, అంటుకోనిచోట విడిపోతాయి. తేనెపట్టులోలాగే వందలాది గదులు తెరుచుకుంటాయి. ఇక ప్రతి కాగితానికీ అటూ ఇటూ పొరుగు కాగితాల ఆసరా ఉంటుంది. వంగాలంటే పొరుగువాటిని కూడా వంచాలి, అవి తమ పొరుగును. మనిషి బరువు ఇన్ని గోడల మీదికి పంచుకుపోతుంది కాబట్టే ఏ గోడకీ మోయలేనంత భారం పడదు.

తేనెపట్టు నిర్మాణం యోషియోకా కనిపెట్టింది కాదు. తలుపుల లోపల, విమానాల పలకల లోపల అది ఎప్పటినుంచో పనిచేస్తోంది. అక్కడ రెండు గట్టి పలకల మధ్య దాక్కుని ఉంటుంది. ఆయన ఆ పలకలు తీసేశారు. లోపల ఉండాల్సినదాన్నే బయట పెట్టి, దాని మీదే కూర్చోమన్నారు. దీనికి ధైర్యం ఒక్కటే చాలదు, లెక్క తెలిసి ఉండాలి. కట్టను కోసే గీత కాగితం మీద పడే ఒట్టి రేఖే. కానీ విప్పాక కూర్చునే చోటు ఎంత ఎత్తులో ఉండాలి, వీపు ఎంత వాలాలి, చేతులు ఎక్కడ ఆనాలి అన్నవన్నీ ఆ ఒక్క రేఖే తేలుస్తుంది. చెక్క పనిలోనైతే కాలు పొట్టిదైతే ఇంకో కాలును చెక్కి సరిచేసుకోవచ్చు. ఇక్కడ గీత తప్పితే ఆ తప్పు ఒకేసారి 120 కాగితాల్లోనూ పడుతుంది.

ఇంత చేసినా కుర్చీ ఇంకా పూర్తి కాలేదు. విప్పిన కాగితం తిరిగి ముడుచుకోవడానికి చూస్తూనే ఉంటుంది. మొదటిసారి ఎవరైనా కూర్చున్నప్పుడు, శరీరం ఒత్తిన మేరకు గదుల పై అంచులు నలిగి మడతపడతాయి. ఆ మడతలే కుర్చీని ఇక ముడుచుకోకుండా పట్టి ఉంచుతాయి. అంటే కూర్చున్న మనిషి ఒంటి అచ్చే దీనికి ఆఖరి బిగింపు. పొడుగాటి మనిషి కూర్చుంటే ఒక రకంగా, పిల్లవాడు కూర్చుంటే మరో రకంగా కుదురుకుంటుంది. సాధారణంగా నలగడమంటే వస్తువు పాడవడం. ఇక్కడ నలిగినప్పుడే గట్టిపడుతుంది. కాగితం మీద ఇంత నమ్మకం, కూర్చునేవాళ్ల మీద ఇంత గౌరవం ఒకేచోట చూపిన కుర్చీ నాకు మరొకటి తెలియదు.

న్యూయార్క్‌లోని మ్యూజియమ్ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో ఇది ఉంది. మ్యూజియంలో దాని మీద ఎవరినీ కూర్చోనివ్వరు, అది న్యాయమే. కాకపోతే ఆ ఆఖరి బిగింపు ఎలా పడుతుందో అక్కడ జనానికి తెలిసే వీలు లేదన్నమాట. ఎవరూ కూర్చోని ప్రతినీ, ఎవరో ఒకరు కూర్చుని లేచిన ప్రతినీ పక్కపక్కన పెడితే చూసేవాళ్లకు అసలు పనితనం అర్థమవుతుందని నా అభిప్రాయం.

యోషియోకా 1967లో జపాన్ నైరుతి కొసన ఉన్న సాగాలో పుట్టారు. కువసావా డిజైన్ స్కూల్‌లో చదివి, 1987లో షిరో కురమాత దగ్గర, ఆ మరుసటి ఏడు నుంచి ఇస్సే మియాకే దగ్గర పనిచేశారు. ఈ ఇద్దరు పెద్దల ముద్రా ఆయన పనిలో తేటగా కనిపిస్తుంది. కురమాత ఉక్కు జాలీతో కుర్చీ చేసినవాడు, పారదర్శకమైన అక్రిలిక్ దిమ్మలో కృత్రిమ గులాబీలను తేలేసి 1988లో మిస్ బ్లాంచ్ అనే కుర్చీ చేసినవాడు. వస్తువు ఉండీ లేనట్టు కనిపించాలన్న ఆశ అక్కడ మొదలైంది. మియాకే బట్టలు కుట్టేవాడు కాబట్టి వేడితో మడతలు పెట్టడం, మడతకు రూపాన్ని గుర్తుంచుకోవడం నేర్పడం ఆయన విద్య. బట్టకు నిండుదనం వచ్చేది మనిషి తొడుక్కున్నాకే. హనీ-పాప్ పుట్టింది ఈ రెండో బడిలోనని నేననుకుంటాను. 2000లో యోషియోకా సొంత స్టూడియో పెట్టారు, ఆ తర్వాత ఏడాదే ఈ కాగితపు కుర్చీ వచ్చింది.

2006లో వచ్చిన పానే అనే కుర్చీని ఆయన ఏకంగా కాల్చారు. పాలిస్టర్ ఎలాస్టోమర్ పోగుల దిమ్మ ఒకటి తీసుకుని, చుట్టి, గుడ్డలో బిగించి, కాగితపు గొట్టంలోకి దూర్చి బట్టీలో పెడతారు. వేడి 104 డిగ్రీల సెల్సియస్. నీళ్లు మరిగే వేడి కంటే నాలుగు డిగ్రీలే ఎక్కువ. ఆ వేడికి పోగులు గొట్టంలో తామున్న ఆకారాన్ని పట్టేసుకుంటాయి, చల్లారాక ఇక వదలవు. గొట్టంలోంచి తీసి గుడ్డ విప్పితే తెల్లటి మెత్తటి కుర్చీ. రొట్టె కాల్చే పద్ధతినే కుర్చీకి తెచ్చానని చెప్పుకునేలా పేరు కూడా రొట్టెదే పెట్టారు. ఇందులోనూ చట్రం లేదు. మనం కూర్చునే కుర్చీల్లో బరువు మోసేది ఒకటి, మెత్తగా ఉండేది ఒకటి. చెక్క మోస్తుంది, దూది మెత్తనిస్తుంది. పానేలో ఆ రెండు పనులూ ఒకే పోగు చేస్తుంది. లెక్కలేనన్ని సన్నటి పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉండడం వల్ల ఒక్కోటి కాస్త కాస్త వంగుతూ బరువును పక్కదానికి అందిస్తుంది. బలమంటే గట్టిదనమే అనుకునే అలవాటును ఈ కుర్చీ ఎంత మృదువుగా మాన్పిస్తుందో చూడండి.

ఇక 2008 నాటి వీనస్. తోక్యోలో ఇస్సే మియాకే చొరవతో ఏర్పడి, తదావో ఆందో కట్టిన భవనంలో ఉన్న 21_21 డిజైన్ సైట్ అనే ప్రదర్శనశాలలో ఆ ఏడాది యోషియోకా ‘సెకండ్ నేచర్’ అనే ప్రదర్శన నడిపించారు. దానికోసం చేసిన కుర్చీ ఇది. పాలిస్టర్ పోగులతో స్పాంజిలాంటి అస్థిపంజరం ఒకటి తయారుచేసి, ఖనిజ లవణాలు కరిగిన నీటితొట్టిలో ముంచి వదిలేశారు. పోగుల మీద స్ఫటికాలు పుట్టాయి, వాటి మీద మరికొన్ని పేరుకున్నాయి, నెమ్మదిగా కుర్చీ పెరిగింది. పటికబెల్లం కొరికినప్పుడు పంటికి దారం తగిలిన ప్రతివాళ్లకీ ఈ పద్ధతి సగం తెలిసినట్టే. చిక్కటి పాకంలో దారాలు కట్టి, కదపకుండా వదిలేస్తే దారం చుట్టూ పలుకులు కట్టుకుంటాయి కదా, ఇక్కడా అంతే.

అంతే అన్నాను గానీ, చేసేవాళ్లకు తెలుస్తుంది అందులో ఎంత కష్టముందో. ద్రావణం పల్చనైతే స్ఫటికం పుట్టదు. తొందరపెడితే సన్నటి పొడిలా పేరుకుంటుంది, పెద్ద పలుకులు కావాలంటే నిదానంగా పెరగనివ్వాలి. వేడి మారకూడదు, తొట్టి కదలకూడదు. శిల్పి ఉలి పట్టే పనంతా ఇక్కడ ముందే అయిపోతుంది. అస్థిపంజరంలో పోగులు ఎక్కడ వత్తుగా ఉండాలి, ఎక్కడ పల్చగా ఉండాలి అన్నది నీట ముంచకముందే తేల్చుకోవాలి. ముంచాక చేతులు వెనక్కి తీసుకోవాలి. ఆ వెనక్కి తీసుకోవడం కూడా పనితనంలో భాగమేనని వీనస్ చూశాక అనిపిస్తుంది. ఏ పలుకు ఎటు తిరగాలో ఎవరూ చెప్పలేదు, అయినా కుర్చీ కుర్చీలాగే ఉంది.

2013లో ఆయన ఇంకా ముందుకెళ్లారు. స్పైడర్స్ థ్రెడ్ అనే కుర్చీకి అస్థిపంజరం కేవలం ఏడు దారాలు. గాలిలో బిగించిన ఏడు దారాల చుట్టూ స్ఫటికాలు పెరిగి కుర్చీ రూపం కట్టాయి. దీన్ని శిల్పం అనడమే సబబు, ఎందుకంటే కూర్చునే ఉద్దేశం ఇందులో ఎక్కడా లేదు. దీని అందం కాదనలేను, కానీ నా మనసు కాగితపు కుర్చీ వైపే మొగ్గుతుంది. హనీ-పాప్‌కు మనిషి కావాలి, దీనికి అక్కర్లేదు. సంగీతం వినిపిస్తూ పెంచిన స్ఫటిక చిత్రాలు కూడా ఆయన చేశారు. వాటి దగ్గర నాకు నమ్మకం కాస్త సడలుతుంది. కాగితం మీద మడత చూసి ఇది ఫలానా మనిషి బరువు అని చెప్పగలం. స్ఫటికం మీద ఏ పలుకు ఏ స్వరం వల్ల వచ్చిందో కన్ను పట్టుకోలేదు, వివరణ చదివి ఒప్పుకోవాల్సిందే.

గాజు పనిలో మాత్రం కన్నుకు అన్నీ అందుతాయి. 2002లో ఆయన చేసిన వాటర్ బ్లాక్ ఒక బెంచీ. కటకాలు చేసే రకం గాజుతో పోత పోసిన దిమ్మ. దాని పై ముఖాన్ని నున్నగా సానబట్టి వదిలేసి ఉంటే అది ఖరీదైన గాజు దిమ్మగా మిగిలిపోయేది. ఆయన అలా చేయలేదు. వేడి గాజు చల్లారేటప్పుడు పడిన అలల్ని అలాగే ఉంచారు. వెలుతురు పైనుంచి దిగి ఆ అలల మీద విరిగి, అడుగున నేల మీద వణుకుతున్నట్టు కనిపిస్తుంది. పారిస్‌లోని ఓర్సే మ్యూజియం 2011లో ఇంప్రెషనిస్టు చిత్రాల గదుల్ని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు, జనం కూర్చుని బొమ్మలు చూడటానికి ఈ బెంచీలనే వేసింది. నీటి మీద వెలుతురును పట్టుకోవాలని బతుకంతా పాటుపడిన మొనే చిత్రాలున్నచోట ఇంతకంటే తగిన ఆసనం ఏముంటుంది.

వాటర్ బ్లాక్ చేసిన 2002లోనే ఆయన తోక్యోలోని రొప్పోంగి హిల్స్ వీధికోసం ఒక గాజు కుర్చీ చేశారు. పేరులోనే కథ ఉంది: వానలో మాయమయ్యే కుర్చీ. గాలిలో ఉన్న గాజును మనం గుర్తుపట్టేది, అంచుల దగ్గర వెలుతురు గట్టిగా విరిగి మెరవడం వల్ల. వెలుతురును వంచడంలో గాజుకీ గాలికీ ఉన్నంత తేడా గాజుకీ నీటికీ లేదు. అందుకే ఒళ్లంతా నీళ్లు కప్పుకున్న గాజు అంచులు మెత్తబడి కంటికి జారిపోతాయి. వాన వెలిశాక కుర్చీ మళ్లీ కనిపిస్తుంది. ఆయన 500 ప్రిజమ్‌లతో కట్టిన రెయిన్‌బో చర్చ్, 2011లో వెనిస్‌లో చూపించి 2015లో క్యోతోలోని షోగున్‌జుకా కొండ మీద నిలిపిన గాజు టీ గది, ఇవన్నీ ఈ దారివే. టీ గదిలో చిత్రపటం, పూలు ఉండాల్సిన గూట్లో ఏమీ ఉండవు. ఎండ పడినప్పుడు ప్రిజమ్ గుండా ఏడు రంగులు వచ్చి పడతాయి.

ఈ పనులన్నిటిలో ఆఖరి చేయి యోషియోకాది కాదు. కాగితం దగ్గర కూర్చున్న మనిషిది, పోగుల దగ్గర బట్టీది, స్ఫటికం దగ్గర నీటిది, గాజు దగ్గర వానదీ ఎండదీ. తన పని ఎక్కడ ఆపాలో అంత కచ్చితంగా తెలిసినవాడు కాబట్టే ఆ మిగతాది వేరేవాళ్లకు వదలగలిగాడు. మరి ఎవరికీ ఏమీ వదలకూడని పని వస్తే? 2019 మార్చిలో బయటపెట్టిన తోక్యో ఒలింపిక్స్ కాగడా అలాంటిదే. మంట ఆరకూడదు, గాలైనా వానైనా.

ఆ కాగడా పొడవు 71 సెంటీమీటర్లు, బరువు 1.2 కిలోలు. పైనుంచి చూస్తే ఐదు రేకుల చెర్రీపువ్వు. అల్యూమినియం దిమ్మను వేడిచేసి అచ్చులోంచి నెట్టి ఒకే పొడవాటి రూపంగా లాగే ఎక్స్‌ట్రూజన్ పద్ధతిలో చేశారు, షిన్‌కాన్‌సెన్ రైలుపెట్టెల తయారీలో వాడే పద్ధతి అది. అందువల్ల పువ్వు అంచు నుంచి పిడి దాకా ఎక్కడా అతుకు లేదు. ఐదు రేకుల నుంచి ఐదు మంటలు లేచి నడుమ ఒకటవుతాయి. ఆకారం ఆయన ఒక్కడి ఊహే కాదు, 2011 భూకంపం, సునామీ దెబ్బతిన్న ప్రాంతపు బడిపిల్లలు గీసిన చెర్రీపువ్వుల బొమ్మల్లోంచి వచ్చింది. లోహంలో దాదాపు 30 శాతం ఆ విపత్తులో ఇళ్లు పోయినవాళ్లు తలదాచుకున్న తాత్కాలిక ఇళ్ల నుంచి తీసిన అల్యూమినియం. కొన్నేళ్లు ఆ కుటుంబాలను కాచిన లోహాన్ని కరిగించి రేకులుగా లాగారు. 2021 మార్చిలో ఫుకుషిమా నుంచే ఆ కాగడాతో పరుగు మొదలైంది. కాగితపు కుర్చీలో కూర్చునేవాళ్లు వచ్చేది చివర్లో. ఇక్కడ మనుషులు ముందే వచ్చేశారు, లోహం కాగడా కాకముందే వాళ్లు అందులో నివసించి ఉన్నారు.