లోతు కాదు, నిలకడ

స్కూబా డైవింగ్ చేస్తానని తెలియగానే ఎవరైనా మొదట అడిగేది లోతు గురించే. నడుముకు సీసం కట్టుకుంటే ఎవరైనా దిగొచ్చు. దిగాక కదలకుండా నిలవడంలోనే ఉంది పనితనమంతా. సముద్రంలో మునిగిన పెద్ద ఓడ దగ్గర కన్నా మంచినీటి సరస్సులోని చిన్న పడవ దగ్గర ఆ సంగతి బాగా తెలిసొస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్‌లో అలాంటి పడవలున్నాయి. ఫ్రెంచివాళ్లతో యుద్ధం నడుస్తున్న 1758లో, చలికాలం ముందు, బ్రిటిష్ సైన్యం తన బాటోలను రెండొందలకు పైగా తానే ముంచేసింది. బాటో అంటే అడుగు చదునుగా ఉండే రవాణా పడవ. శత్రువు చేతికి చిక్కకూడదని రాళ్లు నింపి ముంచారు, మంచు కరిగాక తీసుకుందామనుకున్నారు. చాలావాటిని తీశారు కానీ కొన్ని అడుగునే ఉండిపోయాయి. వాటిలో ఏడింటిని 1993 నుంచి డైవర్లు చూడొచ్చు. సముద్రంలో చెక్కను తొలిచేసే పురుగు మంచినీళ్లలో బతకదు. పైగా ఇక్కడ నీళ్లు చల్లన. ఆ పలకలు ఇన్నాళ్లు నిలిచాయంటే కారణం అదే.

పక్కలు చాలావరకు పోయాయి. అడుగు పలకలు, వాటికి అడ్డంగా బిగించిన బద్దలు, అప్పుడు పోసిన రాళ్లు మిగిలాయి. కొత్తవాళ్లు రెండు నిమిషాల్లో చూసేసి "ఇంతేనా?" అంటారు. కాసేపు నిలిస్తే బద్ద ఎక్కడ అతికిందో, పలక అంచు ఎక్కడ అరిగిందో కనిపిస్తుంది.

నిలవాలంటే ఊపిరి చేతిలో ఉండాలి. గాలి పీలిస్తే క్షణం ఆగి ఒళ్లు పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆ క్షణం ఆలస్యాన్ని ముందే లెక్కేసుకోవాలి. ఊపిరి బిగబట్టడం మాత్రం ప్రమాదం. ఉప్పునీళ్లకు అలవాటుపడ్డవాళ్లు సీసం కొంత తగ్గించుకోవాలి, మంచినీళ్లు అంతగా తేల్చవు. కాళ్లను పైకీ కిందికీ కొడితే అడుగున ఉన్న మెత్తటి ఒండ్రు లేచి పడవే కనబడదు. మోకాళ్లు మడిచి కప్పలా పక్కలకు తోయాలి. ఎవరెంత నేర్చారో వాళ్ల వెనక లేచిన బురదే చెబుతుంది.

పడవను ముట్టుకోకూడదన్నది అక్కడి నిబంధన. ఇన్ని చలికాలాలు తట్టుకున్న పలక కాలికి తొడిగిన ఫిన్ దెబ్బ ఒక్కటి తగిలితే విరగొచ్చు. అందుకే నిలకడ కుదిరేదాకా ఖాళీ ఇసుక మీద సాధన చేసి, ఆ తర్వాతే పడవ దగ్గరికి రావడం మర్యాద. డబ్బు కట్టి దిగామన్నది దానికి మినహాయింపు కాదు.