అట్టమీద ఎవరి ముఖం?

కుప్పం దాటితే తమిళం. సరిహద్దు భాషకుందేమో గానీ పలకకు లేదు. అక్కడ పరై అంటారు, మా వైపు పలక అంటాం. తోలు ఒకటే, దాన్ని మోసే బతుకులూ ఒకటే. అందుకే 2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామీ' వచ్చినప్పుడు మదనపల్లె, పుంగనూరు పిల్లోళ్ల ఫోన్లలో అది పరాయి పాటగా మోగలేదు.

ఆ పాట రాసి, ధీతో కలిసి పాడినవాడు అరివు, అరక్కోణం దళితుడు. పాటకు వేరు అతని అవ్వ వళ్లియమ్మాళ్ బతుకులో ఉంది. సిలోన్ తేయాకు తోటల్లో చాకిరీ చేసి, 1964 నాటి సిరిమావో-శాస్త్రి ఒప్పందం తర్వాత వెనక్కి వచ్చిన లక్షల మందిలో ఆమె ఒకతె. చెట్టు నాటింది వాళ్లు, తోట మాత్రం వాళ్లది కాదు.

అమిత్ కృష్ణన్ తీసిన వీడియోలో ఆ అవ్వ కనిపిస్తుంది. వీడియోతో మాకు కొంత పేచీ ఉంది. రంగులూ అలంకారాలూ ఎక్కువై, కూలి చేసే ఒంటి నొప్పి ఆ అందంలో కరిగిపోయింది. అయినా ఎండకు కమిలిన ముఖాల్ని జాలిగా కాక దర్జాగా చూపించడం చిన్న సంగతి కాదు. సినిమాల్లో మనవాళ్లు గుంపులో నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లే కదా ఇన్నాళ్లూ!

వీడియో ఇచ్చిన చోటును అట్ట తీసేసింది. 2021 ఆగస్టు 'రోలింగ్ స్టోన్ ఇండియా' అట్టమీద ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నారు. 'ఎంజాయ్ ఎంజామీ', 'నీయే ఒళి' పాటల విజయాన్ని చెప్పుకుంటూనే, ఆ రెండింటికీ మాటలు రాసిన అరివును అట్టమీద లేకుండా చేశారు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాక అరివుతో డిజిటల్ అట్ట ఒకటి వచ్చింది. అడిగితే వచ్చే చోటు వేరు, అడగకుండానే దక్కే చోటు వేరు.

సాగు చేసేవాడి పేరు అడంగల్‌లో లేకపోతే ఏమవుతుందో ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న మాల మాదిగ పల్లెలకు చెప్పాలా? అట్టబొమ్మ కూడా ఒక అడంగలే.

2022 జూలైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదికమీద ఆ పాట వినిపించింది, అరివు లేడు. పాట కట్టింది, రాసింది, పాడింది తానేనని అతను ప్రకటించాడు. అది కలిసి చేసిన పని అని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ అన్నాడు. అరివు పేరు తానెప్పుడూ దాచలేదని ధీ అన్నది. కావచ్చు. మేము మనుషుల మంచితనం గురించి మాట్లాడటం లేదు. ఎవరి ముఖం అమ్ముడుపోతుందో ముందే తేల్చేసే చూపు గురించి మాట్లాడుతున్నాం. 2024లో అరివు తన ఆల్బమ్‌కు 'వళ్లియమ్మ పేరాండి', అంటే వళ్లియమ్మ మనవడు, అని పేరు పెట్టుకున్నాడు. ఆ అవ్వ పేరు ఇంక ఎవరూ కత్తిరించలేరు.

ఇదంతా తమిళనాడు గొడవ అనుకుంటే పొరపాటు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర వీడియో పాటలు చూడండి. పాడేవాడి ముఖం పెద్దగా ఉంటుంది, పలక కొట్టేవాళ్లవి చేతులే కనిపిస్తాయి. "ముఖం యాడ పెట్నారు నాయనా, చేతులేగదా!" అని ఒక పెద్దాయన మాతో నవ్వుతా అన్నాడు.

నవ్వు మామీదే పడింది. మేమూ ఒక సంచికకు జాతర బొమ్మే అట్టగా వేశాం, కింద 'డప్పు కళాకారుడు' అని రాసి ఊరుకున్నాం. పేరు అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ బొమ్మలో ఉన్నది ఆయనే. ఈసారి పేరు రాసుకున్నాం. ఆ సంచిక ఒకటి తనకు కావాలన్నాడు. ఇంకా పంపలేదు.