ఆవిరికి రెండో పని

వెర్మాంట్ కొండల్లోనూ, సరిహద్దుకు అవతల క్విబెక్‌లోనూ చలికాలం చివర కొన్ని వారాలు రాత్రి నీళ్లు గడ్డకడతాయి, పగలు కరుగుతాయి. మేపుల్ చెట్ల నుంచి రసం కారేది అప్పుడే. చూడటానికి అచ్చం మంచినీళ్లు. అందులో చక్కెర నూటికి రెండు పాళ్లు మాత్రమే. దాన్ని 66 పాళ్ల దాకా చిక్కబరిస్తే సిరప్ అవుతుంది. అంటే దాదాపు 40 లీటర్ల రసం కాచితే చేతికొచ్చేది ఒక్క లీటరు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ల పెనంలో పడే చెరకు రసంలో తీపి దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. మేపుల్ వాళ్లు కాచేది, నిజం చెప్పాలంటే, నీళ్లనే.

అందుకే ఈ వృత్తిలోని తెలివంతా నీటిని వదిలించుకోవడం మీదే ఖర్చయింది. అక్కడి మూలవాసులు రాత్రి రసం మీద పేరుకున్న మంచు పెళ్లను తీసి పారేసేవారు. గడ్డకట్టేది నీరే కాబట్టి అడుగున మిగిలింది చిక్కబడేది. తర్వాత ఇనుప కాగులు వచ్చాయి, 19వ శతాబ్దంలో వెడల్పాటి పెనాలు వచ్చాయి. ఇప్పుడు రసం కాచే పొయ్యి-పెనాల అమరికను ఎవాపరేటర్ అంటారు. అందులో వెనక పెనం అడుగున మంట తగిలే మడతలుంటాయి, ముందు పెనంలో పాకం తేలుతుంది. నీరు మరిగే వేడికి సుమారు నాలుగు డిగ్రీల సెల్సియస్ పైకి చేరితే సిరప్ దించవచ్చు.

చిన్న ఎవాపరేటర్‌కు ఒక బాధ ఉంది. పెనంలో రసం రెండంగుళాల లోతు కూడా ఉండదు. అందులోకి మంచులో పెట్టిన పీపా నుంచి చల్లటి రసం వచ్చి పడుతుంది. పడిన మూల మరుగు చప్పున అణిగిపోతుంది. కాసేపటికి మళ్లీ తెర్లుతుంది, మళ్లీ రసం పడుతుంది, మళ్లీ అణుగుతుంది. కట్టెలు మాత్రం ఆగకుండా మండుతూనే ఉంటాయి. రసాన్ని పెనంలో పడకముందే వేడిచేసే ప్రీహీటర్ పుట్టింది ఈ బాధలోంచే.

క్యాలెండర్ బొమ్మల్లో మేపుల్ రసం కాచే పాక మీద తెల్లటి ఆవిరి మబ్బులా లేస్తుంటుంది. అందమే, కానీ కట్టెలు కొన్నవాడికి అది పైకి ఎగిరిపోతున్న డబ్బు. నాలుగు డిగ్రీల రసాన్ని మరిగే దాకా తేవడానికి కిలోకు సుమారు 400 కిలోజౌళ్లు చాలు. మరిగే నీటిని ఆవిరి చేయడానికి 2,257 కావాలి. ఆ ఆవిరి చల్లటి గొట్టానికి తగిలి నీరైతే, మోసుకెళ్లిన వేడినంతా అక్కడే దింపేస్తుంది. ఈ లెక్కన ఆవిరిలో ఆరో వంతు ఒడిసిపట్టినా, వచ్చే రసమంతా మరిగే అంచుకు చేరుతుంది. అదే మంట మీద పని 15 శాతం దాకా పెరుగుతుంది. అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

అమరిక కష్టమైంది కాదు. వెనక పెనం మీద స్టీలు మూత, అంటే హుడ్, పెడతారు. దాని లోపల వరసగా రాగి గొట్టాలు. పీపా రసం వాటిగుండా తిరిగి, వేడెక్కి, పెనంలోని మట్టాన్ని బట్టి తెరుచుకునే ఫ్లోట్ వాల్వ్ ద్వారా పెనంలోకి దిగుతుంది. గొట్టాల కింద ఒక పళ్లెం ఉండి తీరాలి. గొట్టాల మీద నుంచి కారే నీటి చుక్కలు మళ్లీ పెనంలో పడితే వాటిని ఇంకోసారి ఆవిరి చేయాలి. ఆదా చేసిందంతా అక్కడికక్కడే సరి. పళ్లెం చుట్టూ ఆవిరి పైకి పోవడానికి సందు వదలాలి, పళ్లేన్ని ఓ పక్కకు వాల్చి పెట్టాలి. అతుకులకు సీసం లేని సోల్డరే వాడాలి, ఇది తినే వస్తువు మరి.

కొత్తవాళ్లు మరిచేది గాలి గొట్టం. రసం వేడెక్కగానే అందులో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటపడి గొట్టాల ఎత్తయిన వంపులో చేరుతుంది. అక్కడ దారి మూసుకుంటే రసం ఆగిపోతుంది. మంట ఆగదు. పెనం మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని ఆ వంపు నుంచి ఒక సన్నటి గొట్టాన్ని పీపాలోని రసం మట్టానికి పైదాకా నిలబెట్టి, పై కొస తెరిచి ఉంచుతారు. సాయంత్రం మంట ఆరాక గొట్టాలను పూర్తిగా ఖాళీ చేయడమూ అంతే ముఖ్యం. మిగిలిన రసం గోరువెచ్చగా ఉంటే పాడవుతుంది, రాత్రి గడ్డకడితే గొట్టాన్ని పగలగొడుతుంది.

పొగగొట్టానికి రాగి గొట్టాన్ని తీగలా చుట్టేవాళ్లూ ఉన్నారు. నాకైతే అది నచ్చదు. ఆవిరి వేడికి నూరు డిగ్రీల హద్దుంది, పొగగొట్టానికి ఆ హద్దు లేదు. రసం ఒక్క క్షణం నిలిచినా లోపలే మరిగి, మాడి, వెనక్కి తన్నుతుంది. హుడ్ కొనలేనివారు కుళాయి బిగించిన చిన్న స్టీలు గిన్నెను పెనం పక్కన పొయ్యి అంచు మీద పెట్టి, వేడెక్కిన రసాన్ని సన్నటి ధారగా వదిలితే సగం పని అయినట్టే.

పెద్ద తోటలవాళ్లు ఇప్పుడు కాచకుండానే నీటిని వేరుచేసే రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు పెట్టుకున్నారు. రెండు పాళ్ల రసం ఎనిమిది పాళ్లకు చేరితే పొయ్యి ఎక్కకముందే ముప్పాతిక నీరు పోయినట్టే. దాని ముందు ప్రీహీటర్ ఆదా చిన్నదే. అయితే ప్రీహీటర్‌కు కరెంటు అక్కర్లేదు, అరిగే భాగాలూ పెద్దగా లేవు. పైగా మరుగు ఒకే తీరున సాగితే పాకం ఎప్పుడు దిగుతుందో అంచనా కుదురుతుంది. పెరట్లో నాలుగు చెట్లున్నవాడికి కట్టెల ఆదా కన్నా ఆ కుదురే ఎక్కువ లాభమని నా లెక్క. ఇక పళ్లెంలోంచి బకెట్లోకి కారే వేడి నీరు, 40 లీటర్ల రసానికి ఆరేడు లీటర్లు, ఉప్పూ సున్నమూ లేని నీరు కనుక పెనాలు కడుక్కోవడానికి సరిగ్గా సరిపోతుంది.