షాపులో గోల

మొన్న ఒక పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దమనిషి ఐటీఐల మాట ఎత్తాడు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, రోబోలూ సీఎన్‌సీ మెషీన్లూ పెడుతున్నారు, సరే, "ఆ కుర్రాళ్లు కుదురుగా ఉంటేనా?" అని పెదవి విరిచాడు. నాకు అన్నం సహించలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే. ఐటీఐ కుర్రాళ్ల అల్లరి అంటున్నది చాలావరకు ఖాళీ చేతుల గొడవ. ఫిట్టర్ ట్రేడ్‌లో యూనిట్‌కు 20 మంది. ఉన్న ఒక్క డ్రిల్లింగ్ మెషీన్ మీద ఒకడు రంధ్రం వేస్తుంటే మిగతా 19 మంది ఏం చేయాలో ముందురోజే రాసి పెట్టుకోని ఇన్‌స్ట్రక్టర్‌కు మర్నాడు కేకలు తప్పవు.

ఐటీఐ వర్క్‌షాపులో నాకు ఫైలింగ్ (ఆకురాయి పట్టడం) నేర్పిన మాస్టారు డెమో ఇచ్చేటప్పుడు మమ్మల్ని ఎదురుగా నిలబడనిచ్చేవారు కాదు. ఎదుటినుంచి చూస్తే కుడిఎడమలు తారుమారవుతాయని పక్కనా వెనకా నిలబెట్టేవారు. మొదటిసారి మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపేవారు. రెండోసారి మెల్లగా, ఆగి ఆగి. ఫైలు ముందుకు తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు నొక్కితే పళ్లు అరుగుతాయి. తోపు మొదట్లో బరువు ఎడమచేతి మీద, చివరికొచ్చేసరికి కుడిచేతి మీద ఉండాలి. లేకపోతే అరగదీస్తున్న ముక్క నడుమ ఉబ్బి అంచులు జారిపోతాయి. మూడోసారి మాలో ఒకడు చేస్తూ చెప్పాలి, ఆయన నోరు విప్పరు. అమెరికా ఓడల నిర్మాణంలో కొత్తవాళ్లకు పని నేర్పిన అనుభవంతో చార్లెస్ అలెన్ 1919లో పుస్తకంగా రాసిన వరస కూడా ఇంచుమించు ఇదే: సిద్ధం చేయడం, చూపడం, చేయించడం, పరీక్షించడం. మాస్టారు ఆ పుస్తకం చూసి ఉంటారనుకోను.

తర్వాత ముక్క మీద ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీ వైపు ఎత్తేవారు. వెంట్రుకంత సందున్నా వెలుగు కనబడుతుంది. తప్పు అలా కంటికి కనిపించాక వాదించడానికి ఎవడికీ నోరు రాదు, మాస్టారికీ కోప్పడాల్సిన పని ఉండదు.

ఇదంతా చూస్తే నిమిషం నిమిషానికీ పని నింపేస్తే చాలనిపిస్తుంది. చాలదు. భోజనం బెల్లుకు ముందు పావుగంటను ఆయన కావాలనే ఖాళీగా వదిలేవారు. ముక్కలన్నీ బెంచీ మీద వరసగా పెట్టాలి. ఎవడి ముక్కనైనా ఎవడైనా కొలవచ్చు. షాపంతా సంతలా మారిపోయేది. "నీ మూల చూసుకోరా, చీమ దూరిపోతుంది" అని ఒకడంటే, "ముందు నీ ట్రైస్క్వేర్ సరిగ్గా పట్టుకోరా" అని ఇంకొకడు. ఒకసారి ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోకొచ్చి ఏమిటీ గోల అంటే, మాస్టారు "కొలుస్తున్నారండీ" అన్నారు, అంతే. నా చేతికి ఫైలు పట్టుబడింది ఆ గోలలోనే. 2022లో ఐటీఐ సిలబస్‌ను ఏడాదికి 1200 గంటలకు కుదించారు. పాఠాలు పూర్తిచేసే హడావుడిలో ముందు ఎగిరిపోయేది ఇలాంటి పావుగంటే.

మెషీన్ దగ్గర మాత్రం ఆ చనువు లేదు. డ్రిల్‌ను బిగించే చక్ కీ చక్‌లోనే ఉండగా చెయ్యి స్విచ్ మీదికి వెళ్లిందా, మాస్టారి కేకకు షాపు దద్దరిల్లేది. చేతికి గ్లౌజులు కనబడితే డ్రిల్ ముందునుంచి లేపేసేవారు. ముక్కను వైస్‌లో బిగించకుండా చేత్తో పట్టుకున్నా అంతే. డ్రిల్ అడుగు దాటే క్షణంలో ముక్కను పట్టేసుకుని గిర్రున తిప్పిందంటే వేళ్లు తెగుతాయి. పొద్దుటినుంచీ అరుస్తూనే ఉన్న మనిషి అయితే ఆ ఒక్క కేక మా చెవికెక్కేదా?

కొత్త సెంటర్లకు టైమ్‌టేబుల్ వేస్తున్నవాళ్లు రోబో ముందు నిలబడే నలుగురి పేర్లతోపాటు మిగతా పదహారుమంది ఆ గంటలో ఏం చేస్తారో కూడా రాయాలి. పక్కవాడి ముక్క కొలిచే పావుగంటకూ అందులో ఒక గడి ఉంచాలి. పిల్లలు కుదురుగా లేరన్న పెద్దలెవరైనా ఉంటే ఆ పావుగంటలోనే వచ్చి చూడమని నా మనవి.