అంగన్‌వాడీ టీచరమ్మ పనితనం

పొద్దున్న అంగన్‌వాడీలోకి తొంగిచూస్తే కనిపించేది ఆటే. దాని వెనకున్న పనితనం కాసేపు కూర్చుంటే గానీ తెలియదు.

భోజనాల వేళ చూడాలి. టీచరమ్మ ఓ నాలుగేళ్ల పిల్లకు పళ్లేలు అందించి, "అందరికీ తలా ఒకటి పెట్టు తల్లీ" అంటుంది. ఆ పిల్ల ఒక్కొక్కరి ముందూ ఒక్కోటి పెట్టుకుంటూ పోతుంది. చివర ఒకడి ముందు నేల ఖాళీ. కావాలనే ఒకటి తక్కువ ఇచ్చిన టీచరమ్మ నోరు విప్పదు. పిల్ల వరసంతా మళ్లీ చూసి, "వీడికి రాలేదు, ఇంకోటి కావాలి" అంటుంది. అంకెలు రాయడం రాకముందే లెక్క వచ్చేసింది. చెప్పేయకుండా ఆగిన ఆ అర నిమిషమే నా దృష్టిలో అసలైన బోధన.

చింతపిక్కలను ముగ్గుపిండి గీత మీద పేర్పిస్తుంది. రేపు బలపం పట్టాల్సిన వేళ్లకు పట్టు చిక్కేది అక్కడే. ఆట అయ్యాక పిక్కలన్నీ లెక్కపెట్టి మరీ డబ్బాలో వేస్తుంది. ముక్కులో పెట్టుకునే వయసు కదా!

అంగన్‌వాడీలకు మూలమైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) 1975 అక్టోబరు 2న మొదలైంది. పౌష్టికాహారం, బరువు తూకాలతో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువూ టీచరమ్మ చేతుల్లోనే ఉంది. రిజిస్టర్లు రాస్తూ కూడా, పిల్లాడు ఇసుకలో గీసిన వంకర గీత దగ్గర ఆగి "ఇదేంటి నాన్నా?" అని అడుగుతుంది. "పాము" అంటాడు వాడు. "ఎటు పోతోంది?" అంటుంది. పాము చెరువు దాటి వాళ్ల తాతయ్య చేను దాకా వెళుతుంది.